రంగు మరక నుంచి కంచు బొమ్మ దాకా: వ్రోత్స్వాఫ్ ఎర్రటోపీల కథ

పోలండ్ నైరుతి మూల, ఓద్రా నది ఒడ్డున వ్రోత్స్వాఫ్ అనే పెద్ద ఊరు ఉంది. ఊరి నడిబొడ్డున ష్విద్నిత్స్కా వీధిలో నడుస్తుంటే కాలిబాట మీద, మన పిక్కల ఎత్తున, ఇద్దరు కంచు మనుషులు కనిపిస్తారు. తలల మీద కోసు టోపీలు. ఇద్దరి మధ్యా ఒక గ్రానైట్ గుండు. ఒకడు ఇటునుంచి నెడుతుంటే ఇంకొకడు అటునుంచి నెడుతున్నాడు. ఇద్దరూ ఒళ్లంతా బిగపట్టి తోస్తున్నారు కాబట్టి గుండు అంగుళం కూడా కదలదు. గ్రీకు పురాణంలో కొండ మీదికి బండ దొర్లిస్తూనే ఉండే సిసిఫస్ పేరునే వీళ్లకీ పెట్టారు, ఊరివాళ్లు ముద్దుగా సిజిఫ్కీ అంటారు.

ఇలాంటి బొమ్మలు ఆ ఊళ్లో కొన్ని వందలు. ఒక్కోటి 20, 30 సెంటీమీటర్ల ఎత్తు. ఒకడు పావురం ఎక్కి కూర్చున్నాడు, ఇంకొకడు గుమ్మం దగ్గర గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. పాత జైలు ఉండే వీధిలో ఒకడు కటకటాల వెనక ఉన్నాడు. ఏటీఎం దగ్గర ఒకడు, నది ఒడ్డున బట్టలు ఉతుకుతూ ఒకడు. పోలండ్‌లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్ల ఫోటోల్లో కూడా వీళ్లు కనిపిస్తుంటారు. పర్యాటకులైతే మ్యాపు పట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని, ఇవాళ ఎన్ని దొరికాయో లెక్కేసుకుంటూ తిరుగుతారు.

ఏదో ఊరికి అందంగా ఉంటుందని మున్సిపాలిటీ పెట్టించిందిలే అని చాలామంది అనుకుంటారు. అందులో కొంత నిజముంది కూడా. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే అసలు కథ జారిపోతుంది. ఈ బొమ్మల వెనక ఒక సైనిక పాలన ఉంది, నిషేధించిన ఒక కార్మిక సంఘం ఉంది, రాత్రిపూట పెయింట్ డబ్బా చంకన పెట్టుకుని తిరిగిన కుర్రాళ్లు ఉన్నారు. అంతకన్నా ముందు, తన విగ్రహాలు తనవి కాకుండా పోయిన ఒక ఊరి కథ ఉంది. ఇవన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడిపోయాయి. నాకు ఈ కథంటే చాలా ఇష్టం, అందుకే చిక్కు విప్పి చెప్పాలనిపించింది.

ముందు పేరు సంగతి. పోలిష్‌లో వీళ్లను క్రస్నాల్ అంటారు, ఇంకాస్త నిండుగా చెప్పాలంటే క్రస్నొలూదెక్. పాత పోలిష్‌లో క్రస్నీ అంటే ఎర్రనిది, అందమైనది. లూద్ అంటే జనం. అంటే ఎర్రటోపీ జనం అన్నమాట. తెలుగులో రాసేటప్పుడు మరుగుజ్జు అనే మాట వాడటం నాకు ఇష్టం లేదు. అది కొందరు నిజమైన మనుషుల శరీరం గురించి, తరచు ఎగతాళిగా వాడే మాట. ఇక్కడ చెబుతున్నది జానపద కథల్లోని వేరే జాతి గురించి. మన దగ్గర వెతికితే వీళ్లకు దగ్గరి చుట్టాలు వాలఖిల్యులు. భారతం ఆదిపర్వంలో వస్తారు కదా, బొటనవేలంత ఋషులు. కశ్యపుడి యజ్ఞానికి అందరూ కలిసి ఒక మోదుగ పుల్లను మోసుకొస్తూ, ఆవు గిట్ట గుంటలో నిలిచిన నీళ్లలో పడి అవస్థ పడుతుంటే, ఇంద్రుడు చూసి నవ్వి వెళ్లిపోయాడు. ఆ అవమానం భరించలేక వాళ్లు ఇంకో ఇంద్రుణ్ణి పుట్టించాలని హోమం మొదలుపెట్టారు. అప్పుడు స్వర్గాధిపతి పరుగున వచ్చి కశ్యపుణ్ణి శరణు వేడాల్సి వచ్చింది. వ్రోత్స్వాఫ్ కథ చదివిన ప్రతిసారీ నాకు ఈ ఘట్టమే గుర్తొస్తుంది.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే తీసేద్దాం. యూరప్‌లో ఇళ్ల ముందు తోటల్లో పెట్టుకునే గడ్డం తాత బొమ్మలు వేరు. అవి 19వ శతాబ్దంలో జర్మనీలో పుట్టిన అలంకారం. 1990ల్లో పోలండ్‌లోని నోవా సూల్ అనే ఊరు వాటిని పెద్ద ఎత్తున తయారుచేసి సరిహద్దు దాటించి జర్మన్లకు అమ్మింది. వ్రోత్స్వాఫ్ క్రస్నాల్‌కి టోపీ అదే అయినా పుట్టుక వేరు.

విగ్రహాలు మారిన ఊరు

1945 దాకా ఈ ఊరి పేరు బ్రెస్లావ్. జర్మనీలో ఒక పెద్ద నగరం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో హిట్లర్ దీన్ని కోటగా ప్రకటించి, చివరి మనిషి దాకా పోరాడమన్నాడు. 1945 ఫిబ్రవరి నుంచి సోవియట్ సైన్యం చుట్టుముట్టింది. మే 6న లొంగిపోయేసరికి ఊరిలో సుమారు మూడింట రెండు వంతులు శిథిలమైపోయింది. యుద్ధం తర్వాత సరిహద్దులు జరిపారు. ఈ ప్రాంతం పోలండ్‌కు వచ్చింది, జర్మన్లను పంపేశారు. ఖాళీ అయిన ఇళ్లలోకి పోలిష్ కుటుంబాలు వచ్చాయి. వాళ్లలో చాలామంది తమ సొంత ఊళ్లు సోవియట్ యూనియన్‌లో కలిసిపోవడంతో మూటాముల్లె సర్దుకుని వచ్చినవాళ్లే. ముఖ్యంగా ల్వూఫ్ నుంచి, అంటే ఇవాళ్టి ఉక్రెయిన్‌లోని ల్వివ్ నుంచి.

ఒకరు వదిలేసి వెళ్లిన పడక మీద, ఇంకొక ఊరు పోగొట్టుకున్నవాళ్లు పడుకున్నారు. ఈ మాట రాస్తుంటే నాకే ఏదోలా ఉంది. కానీ వ్రోత్స్వాఫ్ పునాది అదే.

ఊరి మధ్యలో పెద్ద మార్కెట్ చౌక్ ఉంది, రీనెక్ అంటారు. జర్మన్ల కాలంలో అక్కడ ప్రష్యా రాజు మూడో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఉండేది. యుద్ధం తర్వాత దాన్ని తీసేశారు. 1956లో అదే స్థలంలో అలెక్సాండర్ ఫ్రెద్రో అనే పోలిష్ నాటక రచయిత విగ్రహం పెట్టారు. అది కొత్తగా చేయించింది కాదు. 19వ శతాబ్దం చివర్లో ల్వూఫ్‌లో నిలబెట్టిన విగ్రహాన్నే తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. ల్వూఫ్ జనంతో పాటు ల్వూఫ్ విగ్రహం కూడా వలస వచ్చిందన్నమాట. అక్కడి ఒస్సొలీనెయుమ్ గ్రంథాలయంలోని పుస్తకాల్లో కొంత భాగం కూడా అలాగే వచ్చింది.

అంటే, ఊరి ముఖ్య కూడలిలో మొదట వేరేవాళ్ల రాజు ఉండేవాడు, తర్వాత వేరే ఊరి రచయిత వచ్చాడు. ఇక్కడ పుట్టి పెరిగిన కొత్త తరానికి, ఇది మా ఊరి మట్టిలోంచి వచ్చింది అని చూపించుకునే విగ్రహం కొరతే. ఎర్రటోపీవాళ్లు ఎందుకంత లోతుగా నాటుకుపోయారో అర్థం కావాలంటే ఈ ఖాళీని ముందు చూడాలని నా అభిప్రాయం.

రంగు మరక మీద బొమ్మ

1980 ఆగస్టు 31న గ్దాన్స్క్ ఓడల కార్ఖానాలో సమ్మె చేసిన కార్మికులకూ కమ్యూనిస్టు ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. దాంతో లెఖ్ వవేన్సా నాయకత్వంలో సాలిడారిటీ అనే స్వతంత్ర కార్మిక సంఘం పుట్టింది. మూడున్నర కోట్ల జనాభా ఉన్న దేశంలో సుమారు కోటి మంది అందులో చేరారు. ప్రభుత్వం పదహారు నెలలు కూడా ఓర్చుకోలేకపోయింది. 1981 డిసెంబరు 13, ఆదివారం ఉదయం జనం లేచి టీవీ పెడితే దేశాన్ని ఏలుతున్న జనరల్ యారుజెల్స్కీ కనిపించి సైనిక పాలన ప్రకటించాడు. బయట మంచులో ట్యాంకులు. ఫోన్లు తెగిపోయాయి. తర్వాత లైన్లు ఇచ్చినా, రిసీవర్ ఎత్తగానే మీ సంభాషణ వింటున్నాం అని ఒక గొంతు పదేపదే చెప్పేది. వేలమందిని నిర్బంధించారు. సాలిడారిటీ కార్యకలాపాలు ఆపేశారు, 1982 అక్టోబరులో దాన్ని చట్టం చేసి మరీ రద్దు చేశారు.

పత్రిక లేదు, సభ లేదు, ఊరేగింపు లేదు. మిగిలింది గోడ. గోడ రాతలంటే మన తెలుగు నేలకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రి ఎవరో వచ్చి సాలిడారిటీ బతికే ఉంది అని రాసేవాళ్లు. తెల్లారేసరికి ప్రభుత్వం మనుషులు వచ్చి దాని మీద రంగు కొట్టేవాళ్లు. అయితే ఆ రంగు గోడ రంగుతో ఎప్పుడూ కలవదు. పాత సిమెంటు గోడ మీద ఎక్కడ పడితే అక్కడ లేత రంగు మరకలు తేలేవి. దారిన పోయే ప్రతి ఒక్కరికీ ఆ మరక కింద ఏముందో తెలుసు. రాత కనిపించడం లేదు, కానీ ఇక్కడ ఒక రాత ఉండేది అని ఆ మరకే చాటింపు వేస్తోంది.

ఈ మరకల్ని ఇంకోలా చూసినవాడు వాల్దెమార్ ఫిద్రిఖ్. వ్రోత్స్వాఫ్‌లో చరిత్ర, కళాచరిత్ర చదివినవాడు. అందరూ అతన్ని మేజర్ అంటారు. సైన్యంలో చేరకుండా తప్పించుకోడానికి, ఎంపిక కమిటీ ముందుకు మేజర్ దుస్తుల్లోనే వెళ్లి, సైన్యం అంటే తనకెంత ప్రాణమో చెప్పి చెప్పి, పిచ్చివాడనిపించుకుని బయటపడ్డాడట. ఆ పేరు అలా వచ్చిందంటారు. 1980ల మొదట్లోనే అతనూ స్నేహితులూ ఆరెంజ్ ఆల్టర్నేటివ్ పేరుతో ఒక పత్రిక మొదలుపెట్టారు. సోషలిస్టు సర్రియలిజం అని ఒక ప్రణాళిక కూడా ప్రకటించారు. పోలండ్‌లో అప్పటి రోజువారీ బతుకే ఒక వింత నాటకంలా ఉంది, దానికి తగిన కళ కూడా అంత వింతగానే ఉండాలి అన్నది అందులో సారాంశం.

1982 ఆగస్టు 30 రాత్రి దాటి 31 తెల్లవారేలోపు, ఫిద్రిఖ్, అతని స్నేహితుడు వియెస్వాఫ్ త్సుపావా పెయింటూ బ్రష్షూ తీసుకుని సెంపోల్నో, బిస్కుపిన్ అనే పేటల్లోకి వెళ్లారు. ప్రభుత్వం కొట్టించిన మరకను వెతుక్కుని, సరిగ్గా దాని మీదే, ఒక ఎర్రటోపీవాణ్ణి గీశారు. నాలుగు గీతల బొమ్మ. కోసు టోపీ, చేతిలో పువ్వు. పక్కన ఒక్క అక్షరం లేదు.

ఈ తేదీని తేలిగ్గా దాటిపోకూడదు. ఆగస్టు 31 అంటే గ్దాన్స్క్ ఒప్పందానికి రెండేళ్లు నిండిన రోజు. ఆ రోజు దేశమంతా నిరసనలు జరిగాయి. వ్రోత్స్వాఫ్‌కు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో లూబిన్ అనే రాగి గనుల పట్టణం ఉంది. అక్కడ ఆ మధ్యాహ్నం నిరసనకారుల మీద మిలీషియా, అంటే అప్పటి పోలీసు బలగం, కాల్పులు జరిపింది. ముగ్గురు చనిపోయారు. ఆ ఎర్రటోపీ బొమ్మల రంగు ఇంకా సరిగా ఆరక ముందే అంత దగ్గర్లో నెత్తురు పారింది. ఈ బొమ్మల్ని ఎవరైనా సరదాకి గీశారు అంటే నేను ఆ తేదీని చూపిస్తాను. తుపాకి ఉన్న వీధిలో పువ్వు పట్టుకున్న బొమ్మ గీయడానికి చాలా గుండె కావాలి.

బొమ్మ ఎందుకు పనిచేసింది

ఫిద్రిఖ్ దీనికి ఒక సిద్ధాంతం కూడా చెప్పాడు. మార్క్సిస్టు పాఠాల్లో ప్రతివాళ్లూ బట్టీపట్టిన గతితర్కం ఉంది కదా: వాదం, ప్రతివాదం, ఆ రెండూ కలిసి పుట్టే సమన్వయం. గోడ మీద సాలిడారిటీ రాత వాదం, దాని మీద ప్రభుత్వం కొట్టిన రంగు ప్రతివాదం, ఆ రంగు మీద కూర్చున్న ఎర్రటోపీవాడు సమన్వయం. వూచ్ నగరంలో బొమ్మ వేస్తూ పట్టుబడినప్పుడు స్టేషన్‌లో మిలీషియావాళ్లకూ ఇదే ధోరణిలో చెప్పాడంటారు. పరిమాణం పెరిగితే గుణం మారుతుందని మీ పుస్తకాల్లోనే ఉంది, కాబట్టి బొమ్మలు ఎక్కువైతే మంచిదే కదా అని.

చదివి నవ్వుకుని వదిలేసే మాటలా ఉంటుంది కానీ, ఇందులో పదునైన ఆలోచన ఉంది. సాలిడారిటీ రాతను చెరిపేస్తే అధికారికి లాభమే, ఎందుకంటే అది శత్రువు మాట. మరి బొమ్మను చెరపాలా వద్దా? చెరిపితే, పిల్లల కథల్లోని బొమ్మకు సైన్యం భయపడిందని ఊరంతా చెప్పుకుంటుంది. చెరపకపోతే, ఆ మరక కింద ఏముందో బొమ్మ రోజూ గుర్తుచేస్తూనే ఉంటుంది. రెండువైపులా ఇరుకే. చట్టవిరుద్ధమైన ఎర్రటోపీల సభకు నువ్వెందుకు వెళ్లావు అని అడిగే పోలీసును ఎవరైనా సీరియస్‌గా తీసుకోగలరా అని ఫిద్రిఖ్ తర్వాతి కాలంలో అడిగాడు. భయం నిలబడాలంటే భయపెట్టేవాడి మాటకు బరువుండాలి. ఆ బరువునే వీళ్లు దించేశారు.

బొమ్మలు వార్సా, క్రాకూఫ్, గ్దాన్స్క్ లాంటి నగరాలకు పాకాయి. మొత్తం వెయ్యికి పైగా వేశారని లెక్క. ఎర్రటోపీని రాజకీయాల్లోకి తెచ్చింది వీళ్లే మొదట కాదు. 1970లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కబౌటర్ అని, అంటే డచ్ భాషలో ఇదే జానపద జీవి పేరుతో, ఒక యువజన ఉద్యమం వచ్చింది. మున్సిపల్ కౌన్సిల్‌లో 5 సీట్లు కూడా గెలిచింది. కానీ అక్కడ ట్యాంకులు లేవు.

సైనిక పాలన 1983 జులైలో ఎత్తేశారు. గోడల మీది బొమ్మ మనుషుల తలల మీదికి ఎక్కింది మాత్రం ఇంకొన్నేళ్ల తర్వాత. 1987 జూన్ 1, బాలల దినోత్సవం. ష్విద్నిత్స్కా వీధిలో ఫిద్రిఖ్ బృందం, అదే ఆరెంజ్ ఆల్టర్నేటివ్ మనుషులు, ఎర్రటోపీలు పెట్టుకుని మిఠాయిలు పంచారు, దారిన పోయేవాళ్లకు టోపీలు ఇచ్చారు. పోలీసులు వచ్చి ఎర్రటోపీవాళ్లను వ్యాన్లు ఎక్కించాల్సి వచ్చింది. అక్టోబరులో టాయిలెట్ పేపర్ పంచారు. ఇవాళ చదివితే వింతగా ఉంటుంది కానీ, అప్పట్లో అది దొరకని సరుకు, దొరికితే క్యూలో నిలబడి కొనుక్కునేది. ఒక్కో ముక్క చేతిలో పెడుతుంటే అది ప్రభుత్వ వైఫల్యాన్ని మనిషికింత పంచిపెట్టినట్టే.

నవంబరులో జరిగినది నాకు అన్నిటికన్నా ఇష్టం. 1917లో రష్యాలో కమ్యూనిస్టులను గద్దెనెక్కించిన అక్టోబరు విప్లవ వార్షికోత్సవం (ఇప్పటి క్యాలెండరులో అది నవంబరు 7) ముందురోజు అందరూ ఎర్రబట్టల్లో రండి అని పిలుపునిచ్చారు. విప్లవాన్ని గౌరవిస్తున్నామంటే ఏ కమ్యూనిస్టు ప్రభుత్వం కాదంటుంది? ఎర్రబట్టలు లేనివాళ్లు కెచప్ పోసిన బ్రెడ్డు పట్టుకుని వచ్చారు. చివరికి ఆ ప్రభుత్వపు పోలీసులే, ఆ ప్రభుత్వపు పండగకు, ఆ ప్రభుత్వపు రంగు వేసుకున్నవాళ్లను పట్టుకుపోయారు.

ఇదంతా ఊరికే జరిగిపోలేదు. 1988 మార్చి 8న, మహిళా దినోత్సవం రోజున, దుకాణాల్లో దొరకని శానిటరీ ప్యాడ్లు పంచినందుకు ఫిద్రిఖ్‌కు జైలు శిక్ష వేశారు. చాలామంది కళాకారులు, మేధావులు నిరసన తెలిపారు. అప్పీలులో అతను బయటికి వచ్చాడు. ఆ జూన్ 1న ష్విద్నిత్స్కాలో ఎర్రటోపీల విప్లవం పేరుతో జనం కదిలారు. పదివేల మందికి పైగా వచ్చారు. సాలిడారిటీ లేకుండా స్వేచ్ఛ లేదు అన్నది అప్పటి ప్రసిద్ధ నినాదం. ఆ రోజు వీధిలో వినిపించింది: ఎర్రటోపీలు లేకుండా స్వేచ్ఛ లేదు!

ఏడాది తర్వాత, 1989 జూన్ 4న ఎన్నికలు జరిగాయి, పోలండ్‌లో ఏకపార్టీ పాలన కూలింది. దాన్ని కూల్చింది ఎర్రటోపీలే అని చెప్పడం అతిశయోక్తి. దేశాన్ని పీడించిన అప్పులు, ధరలు, సమ్మెలు, చర్చి, గోర్బచేవ్ మాస్కో, ఇవన్నీ ఉన్నాయి. ఎర్రటోపీలు చేసింది వేరే పని. నాయకుల వెనక నడిచే ధైర్యం లేని మామూలు జనానికి, టోపీ పెట్టుకుని వీధిలో నిలబడే మొదటి అవకాశం ఇచ్చారు. వీధిలో ఒకసారి నిలబడ్డవాడికి రెండోసారి కష్టం కాదు.

కంచులోకి

2001లో ష్విద్నిత్స్కా వీధిలో, ఆ టోపీల జాతర జరిగిన చోటే, మొదటి విగ్రహం వచ్చింది. శిల్పి ఓలాఫ్ బ్జెస్కీ. దీన్ని పాపా క్రస్నాల్ అంటారు, ఎర్రటోపీల పెద్దాయన. మిగతా బొమ్మలకన్నా పెద్దది, తీరు కూడా వేరు. ఒక పెద్ద వేలి కొన మీద నిలబడి ఉంటాడు. ముద్దుగా ఉండటానికి చేసిన బొమ్మ కాదు అది, చూస్తే తెలిసిపోతుంది. ఆరెంజ్ ఆల్టర్నేటివ్‌కు స్మారకంగా పెట్టింది.

రెండేళ్ల తర్వాత రీనెక్‌లోని ఒక పాత చిన్న ఇంటి తలుపు పక్కన, మనిషి మోకాలి ఎత్తులో, ఎర్రటోపీల మ్యూజియం అని ఒక చిన్న ఫలకం తగిలించారు. ఆవిష్కరించింది నగర మేయరే. మలుపు అక్కడుంది. ఒకప్పుడు అధికారుల కళ్లుగప్పి గీసిన బొమ్మ చేతిని ఇప్పుడు నగరపాలక సంస్థ పట్టుకుంది.

2005లో ఊరికి ప్రచారం తేవాలని ఐదు బొమ్మలు చేయించారు. శిల్పి తోమాష్ మోచెక్ అదే ఊళ్లో శిల్పం చదువుకున్నవాడు. విశ్వవిద్యాలయం దగ్గర కత్తిసాము చేసేవాడు, ఓద్రా ఒడ్డున బట్టలు ఉతికేవాడు, స్తారె యాత్కి అనే సందులో మాంసం కొట్టేవాడు, మొదట్లో చెప్పిన గుండు నెట్టే ఇద్దరు. ఎవరిని ఎక్కడ పెట్టారో చూడండి. స్తారె యాత్కి అంటేనే పాత మాంసం దుకాణాలు. ఆ సందులో శతాబ్దాల పాటు కసాయి కొట్లు నడిచాయి. నది ఒడ్డున చాకలి, చదువులమ్మ గుడి దగ్గర కుర్ర కత్తివీరుడు. బొమ్మను చూడటానికి వంగితే ఆ స్థలం చరిత్ర కంటబడుతుంది. మోచెక్ చేసిన మంచి పని ఇదే అనుకుంటాను. జర్మన్ ఊరా, పోలిష్ ఊరా అనే పాత గొడవ జోలికి పోకుండా ఆ స్థలంలో బతికినవాళ్ల వృత్తిని పట్టుకున్నాడు.

అదే 2005 డిసెంబరులో, అదే ష్విద్నిత్స్కా వీధిలో కాస్త దక్షిణంగా వెళితే వచ్చే కూడలిలో, యెజీ కాలినా అనే శిల్పి చేసిన ఇంకో కంచు గుంపు వచ్చింది. నిలువెత్తు మనుషులు 14 మంది. రోడ్డుకు ఒకవైపు వాళ్లు కాలిబాటలోకి కూరుకుపోతుంటారు. మోకాళ్ల దాకా, నడుం దాకా, చివరికి తల మాత్రమే. రోడ్డు దాటి అవతలికి వెళితే వాళ్లు మళ్లీ భూమిలోంచి పైకి వస్తుంటారు. సైనిక పాలన ప్రకటించిన డిసెంబరు 12, 13 తేదీల మధ్య రాత్రి, దాని జ్ఞాపకంగా దీన్ని నిలబెట్టారు. ఒకే చరిత్రకు ఒకే వీధిలో, ఒకే ఏడాది, రెండు భాషల్లో రాసిన జ్ఞాపకం. ఎర్రటోపీల్ని మాత్రమే వెతుక్కుంటూ తిరిగి, ఈ కూడలి చూడకుండా వచ్చేస్తే సగం కథే చదివినట్టు.

ఆ ఐదూ జనానికి తెగ నచ్చాయి. ఇంక ఆగలేదు. హోటళ్లు, బ్యాంకులు, రెస్టారెంట్లు, కాలేజీలు తమ గుమ్మం ముందు తమ ఖర్చుతో ఒక్కో క్రస్నాల్‌ను పెట్టించుకోవడం మొదలైంది. 2014 నాటికే సంఖ్య 300 దాటింది. చలికాలంలో ఎవరో వచ్చి వాళ్లకు ఊలు టోపీలు, మఫ్లర్లు కట్టిపోతుంటారు. అప్పుడప్పుడు దొంగతనాలూ జరుగుతుంటాయి. సెప్టెంబరులో వీళ్ల పేరున ఒక పండగ కూడా చేస్తున్నారు.

బొమ్మ ఎవరిది

ఇక్కడే చిక్కు. గోడ మీది బొమ్మకు అనుమతి లేదు, సంతకం లేదు, ఆయుష్షు లేదు. కంచు బొమ్మకు అనుమతి ఉంది, దాతలున్నారు, అరిగిపోవడానికి వందల ఏళ్లు పడుతుంది. పైకి ఇద్దరూ ఒకేలా ఉన్నారు, టోపీతో సహా. మరి ఇద్దరూ ఒకరేనా?

ఫిద్రిఖ్ కాదన్నాడు. తాను పుట్టించిన ఎర్రటోపీ బొమ్మను నగరం తన ప్రచారానికి, తన అనుమతి లేకుండా వాడుకుంటోందని కోర్టుకెక్కాడు. చట్టప్రకారం ఎవరిది ఎంత అన్నది నిపుణుల పని. నాకు మాత్రం అతని బాధ అర్థమవుతుంది. ఒక బొమ్మను గీసినందుకు లాకప్‌కు వెళ్లినవాడు, అదే టోపీ దుకాణాల్లో అయస్కాంతం బిళ్లల మీద అమ్ముడుపోతుంటే చూడాల్సి వచ్చింది. పిల్లలకు చెప్పే కథల్లో ఎర్రటోపీలు అనాదిగా ఈ ఊరి కింద కాపురముంటున్నారని ఉంటుంది. కథ ముచ్చటగానే ఉంటుంది, కానీ ఆ కథలో సైనిక పాలన లేదు, మరక లేదు, లూబిన్ లేదు.

అయినా నేను పూర్తిగా ఫిద్రిఖ్ పక్షమూ కాలేను. 2008 జూన్‌లో ఈ ఊళ్లో ముగ్గురు కొత్త ఎర్రటోపీలు వచ్చారు. ఒకరు చక్రాల కుర్చీలో ఉన్నారు, ఒకరికి చూపు లేదు, ఇంకొకరికి వినపడదు. వికలాంగులకు ఊళ్లో ఎదురయ్యే అడ్డంకుల గురించి జనానికి తెలియజెప్పే కార్యక్రమంలో భాగంగా వాళ్లను పెట్టారు. వీళ్లకు ఏ బ్యాంకు లాభమూ లేదు. పెద్దల కంటికి ఆనని మనుషుల్ని, ఆనని ఎత్తులోనే నిలబెట్టి, వంగి చూసేలా చేశారు. 1982లో గోడ మీది బొమ్మ చేసిన పనికి ఇది దగ్గరి బంధువే. అందుకని కంచు అంతా అమ్ముడుపోయిందనీ, రంగు మాత్రమే నిజమనీ అనలేను. ఒక్కో బొమ్మనూ విడిగా అడగాలి: నువ్వెవరి కోసం నిలబడ్డావు?

అనుమతి లేకుండా కంచు బొమ్మ పెట్టడం కుదరదా అంటే, కుదురుతుంది. బుడాపెస్ట్‌లో మిహాయ్ కొలోద్కో చేస్తున్నది అదే. ఉక్రెయిన్‌లోని ఉజ్‌హొరోద్ నుంచి వచ్చిన శిల్పి ఆయన. అరచేతిలో పట్టేంత కంచు బొమ్మలు చేసి, నది గట్టున గోడల మీద, మెట్ల అంచుల మీద అతికించి వెళ్లిపోతాడు. దాన్యూబ్ ఒడ్డున, హంగరీ పార్లమెంటుకు ఎదురుగా ఒక బుల్లి ట్యాంకు ఉంది. దాని గొట్టం వాడిపోయిన కాడలా కిందికి వేలాడుతుంటుంది. 1956లో తిరుగుబాటును అణచడానికి బుడాపెస్ట్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు వచ్చిన సంగతి తెలిసినవాళ్లు దాని దగ్గర ఆగిపోతారు. తెలియని పిల్లలు ఆడుకుంటారు.

చిన్న విగ్రహం ఊరికి గుర్తు కావడం కొత్తేమీ కాదు. బ్రసెల్స్‌లో ఉచ్చ పోస్తున్న పిల్లాడి కంచు బొమ్మ ఎత్తు అర మీటరుకు కాస్త పైన, 17వ శతాబ్దం నుంచీ ఊరికి వాడే ముఖం. కానీ ఆ పిల్లాడికి ఇలాంటి గతం లేదు.

వ్రోత్స్వాఫ్‌లో ఉంటున్న మన పిల్లలెవరైనా ఇది చదివితే ఒక మాట. బంధువులు వచ్చినప్పుడు రీనెక్ నుంచి కాకుండా ష్విద్నిత్స్కాలో పాపా క్రస్నాల్ దగ్గర మొదలుపెట్టండి. తర్వాత కూడలిలో భూమిలోకి దిగిపోతున్న ఆ 14 మందిని చూపించండి. అప్పుడు గుండు నెట్టే ఇద్దరి దగ్గరికి తీసుకెళ్లండి. సాయంత్రం టైముంటే ట్రామ్ ఎక్కి సెంపోల్నో దాకా వెళ్లి రండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్లు కట్టిన తోటల పేట అది. చెట్ల మధ్య వరసగా చిన్న ఇళ్లు, మామూలు గోడలు. మ్యాపు చూసి వెతకాల్సిన పని లేదు. ఆ గోడల పక్కన కాసేపు నడవండి, ఏ గోడ మీదైనా పక్క రంగుతో కలవని మరక ఉందేమో చూడండి.